అన్న రక్తంలో బూజు

లాల్‌దర్వాజా,
20 జూన్ 1983.

వామనా,

మేమంతా క్షేమమని రాసి మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి కుదరలేదు. అన్నకు ఆపరేషన్ అయింది. కంగారు పడకు. పడవని నాకు తెలుసు, మర్యాదకు రాస్తున్నాను.

మొన్న గురువారం ఆఫీసు నుంచి వస్తూనే కడుపులో మంట అన్నాడు. అన్న కడుపులో మంట లేని రోజు నీకు ఒక్కటైనా గుర్తుందా? సోడా ఉప్పు కలిపి చేతికిచ్చి నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. గ్లాసు కింద పెట్టి, "రాధా, ఇది వేరేగున్నది" అని కుర్చీలోంచి జారిపోయాడు. కలెక్టరాఫీసు సూపరింటెండెంటు విఠల్‌రావు ఇంత చిన్న మాటతో ఒక విషయం ముగించడం పుట్టి బుద్ధెరిగి నేను వినలేదు. అప్పుడే అర్థమైంది, ఇది నిజం జబ్బని.

కడుపులో పుండు ఉండి ఉండి పగిలి చిల్లు పడిందట. ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రి వైపు మళ్లించమంటే, స్పృహ లేదనుకున్న మనిషి కళ్లు తెరిచి "జనరల్ వార్డుల పండుకోబెడ్తవా నన్ను?" అన్నాడు. అందుకని అఫ్జల్‌గంజ్ దాటాక కొత్తగా వెలిసిన ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయాం. డాక్టర్ అమరనాథ్ అని సర్జను. లండన్ పట్టాలు గోడ నిండా వేలాడుతున్నాయి. ఆపరేషన్ మాత్రం బాగా చేశాడు, అది ఒప్పుకోవాలి. ముగించి బయటికి వచ్చి, "మీ అన్నగారు అదృష్టవంతులు, నా చేతిలో పడ్డారు" అన్నాడు. ఆయన ఎదుట ఆయన్ని పొగిడే అవకాశం ఎవరికీ ఇవ్వడు, ముందే తానే కానిచ్చేస్తాడు. ఆయనా అన్నా ఎలా కలిశారా అని ఆశ్చర్యపోతున్నాను.

నోటితో ఏమీ తినకూడదు. కాలి చీలమండ దగ్గర చిన్న కోత పెట్టి, నరంలోకి సన్నటి గొట్టం దూర్చి, పైన సీసా వేలాడదీశారు. గదిలో రెండు మంచాలు. పక్క మంచం మీద అయిదేళ్ల పిల్ల, ఎస్తేరు. పేగుల్లో ఏలికపాములు ఉండకట్టుకుపోతే కోసి తీశారట. తండ్రి ఇశ్రాయేలు, ఆర్టీసీ వర్క్‌షాపులో ఫిట్టరు. అన్నకు మత్తు దిగగానే మొదటి ఆజ్ఞ: "నడుమ పరదా కట్టున్రి. నేనేమన్న సత్రంల పండుకున్ననా?" కట్టారు. ఆ పిల్ల పరదా అంచు ఎత్తి చూసి, "తాతా, నీ సీస అయిపోవట్టె. నాదింకున్నది" అంది.

"నీది చిన్న సీస" అన్నాడు అన్న.

"చిన్నదైతేంది, నీకంటె మెల్లగ తాగుతున్న" అంది అది. అప్పటినుంచి ఇద్దరికీ పందెం.

నువ్వు వస్తావని నేను అడగడం లేదు. అడిగానని నువ్వు అనుకుంటే మాత్రం కాదనను.

నీ అక్క
రాధాబాయి


బొంబాయి,
27 జూన్ 1983.

అక్కా,

నీ ఉత్తరం చేరింది. అన్న కడుపులో చిల్లు పడిందని చదివి నాకు కలిగిన అనుమానం రాయనా? అయిదేళ్ల కింద రాజమణిని పెళ్లి చేసుకున్నందుకు నన్ను తిట్టాలనుకుని తిట్టకుండా మిగిల్చిన తిట్లన్నీ లోపలే ఉండిపోయి ఉంటాయి. అవే తొలిచేశాయి.

నవ్వకు. ఏడవకు కూడా. అన్న బతుకుతాడు. ఆయన జబ్బులు నాకు తెలియనివా? నా మెట్రిక్ పరీక్షకు ముందు రోజు గుండెపోటు వచ్చింది, మూడో నాటికి మిరపకాయ బజ్జీలు తిన్నాడు. నీకు ఉద్యోగం వచ్చినప్పుడు పక్షవాతం వచ్చి, నువ్వు మొదటి జీతం తెచ్చే లోపల తగ్గిపోయింది. ఇంట్లో ఎవరైనా తనకు చెప్పకుండా ఏ పనైనా చేస్తే ఆయన ఒంట్లో ఏదో ఒక భాగం రాజీనామా ఇస్తుంది.

రాజమణి వెళ్దామంటోంది. టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో సెలవు కూడా అడిగింది. నేనే వద్దన్నాను. క్రైస్తవుల పిల్ల గడప తొక్కితే ఇల్లు కడిగిస్తానన్న మనిషి, లేచి కూర్చుని ఆ పని చేయించే స్థితిలో లేడు గదా, పాపం ఎందుకు శ్రమ? ఆయన తన చేత్తో ఒక్క వాక్యం రాస్తే వస్తాను. కార్బన్ కాపీ అయినా సరే.

సీసా పందెంలో ఆ పిల్లే గెలవాలని నా కోరిక.

వామన్


లాల్‌దర్వాజా,
5 జూలై 1983.

వామనా,

నీ హాస్యం చదివి ఒకసారి నవ్వాను. అది పోయిన వారం. ఇప్పుడు నవ్వడానికి తీరిక లేదు.

పుండు కుట్లు మానాయి. గంజి పడుతోంది. ఇక ఇంటికి పంపిస్తారు అనుకున్నంతలో చలి జ్వరం పట్టుకుంది. మధ్యాహ్నానికి మంచం ఊగేంత వణుకు. అమరనాథ్ వచ్చి ఇంజెక్షన్ మార్చాడు. తగ్గలేదు. ఇంకోటి కలిపాడు. తగ్గలేదు. మూడోది ఇంకా పెద్దదట, పేరు పలకడానికే నర్సు సుశీలమ్మకు ఊపిరి అందడం లేదు. కాలి గొట్టం మాత్రం అక్కడే ఉంది. చుట్టూ ఎర్రగా వాచింది. "గా గొట్టం తీసి వేరేకాడ పెట్టరాదా?" అని అడిగితే, "నరం దొరకడం ఎంత కష్టమో మీకేం తెలుస్తుందమ్మా, స్కూల్లో పాఠాలు చెప్పుకోండి" అన్నాడు.

రక్తం తీసి పరీక్షకు పంపారు. ఆ పరీక్షలు చేసేది డాక్టర్ కళావతి అని, మెడికల్ కాలేజీలో క్రిముల శాస్త్రం చెబుతుంది. సన్నగా, కోపంగా ఉంటుంది. ఆమె కాగితం పంపింది: రక్తంలో ఫంగస్ పెరిగింది. అమరనాథ్ చదివి నవ్వాడు. "ల్యాబు వాళ్లు సీసాలు సరిగా కడగరు. కంటామినేషన్" అని మడిచి చెత్తబుట్టలో వేశాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఫంగస్ అంటే ఏమిటని సుశీలమ్మను అడిగితే, "బూజు లెక్క, అమ్మా. రొట్టె మీద వస్తది సూడు, అట్లాంటిది" అంది. అన్న విన్నాడు. నూట నాలుగు జ్వరంలో కూడా లేచి కూర్చున్నాడు. "నా రక్తంల బూజా? మా వంశంల ఎవ్వనికన్న ఉన్నదా? పక్క పిల్ల రక్తం తీస్కపోయి నా పేరు రాసిన్రు" అని గోల. పరదా అవతలి నుంచి ఎస్తేరు, "నా రక్తం నాకాడనే ఉన్నది తాతా" అంది.

నవ్వొస్తోంది గదా? నాకూ వచ్చింది. ఆ తర్వాత అన్న చేయి పట్టుకుంటే కాలిపోతోంది.

ఫంగస్‌కు మందు బొంబాయిలో దొరుకుతుందేమో కనుక్కో. ఇక్కడ ఎవరి దగ్గరా లేదంటున్నారు.

రాధ


బొంబాయి,
11 జూలై 1983.

అక్కా,

రక్తంలో బూజు! మా ఇన్సూరెన్స్ ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మా మేనేజరు, ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి క్లెయిము చూడలేదన్నాడు. పాత ఫైళ్ల మధ్య ముప్పై ఏళ్లు కూర్చుంటే పట్టదా మరి? దులిపి ఎండలో ఆరేయండి.

డాక్టరే కాదంటున్నప్పుడు నువ్వెందుకు అవునంటావు? నాకు అసలు సంగతి అర్థమైంది. నన్ను రప్పించాలి, కానీ అన్న నోరు తెరిచి రమ్మనడు. అందుకని నీ చేత జ్వరాలూ బూజులూ రాయిస్తున్నాడు. ఆయన నాటకానికి నువ్వు పాత్రధారివి కావడం నాకు నచ్చలేదు.

అడిగావు గనుక మందు పంపుతున్నాను. మా వీధి మందుల షాపులో ఫంగస్‌కు ఏమిస్తారని అడిగితే ఈ తామర ఆయింట్‌మెంటు ఇచ్చాడు. గజ్జికి, తామరకు, కాలివేళ్ల మధ్య ఒరుపుకు దివ్యంగా పనిచేస్తుందట. రెండు పూటలా రాయమని చెప్పు. పంపొద్దని రాజమణి పోట్లాడింది. ఆమెకు మన ఇంటి సరసాలు ఇంకా అలవాటు కాలేదు.

వామన్


లాల్‌దర్వాజా,
17 జూలై 1983.

వామన్‌రావుకు,

నీ పార్సెల్ అందింది.

నేను స్కూలుకు పోయినప్పుడు వచ్చిందట. పక్కింటివాళ్లు నర్సింగ్ హోమ్‌కు తెచ్చి అన్న చేతికే ఇచ్చారు. నేను వెళ్లేసరికి ట్యూబు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "వామన్ పంపిండు" అన్నాడు. కళ్లు సరిగా కనిపించడం లేదు, మీద ఏం రాసుందో చదవలేకపోయాడు. "బొంబాయి మందు. ఆడ దొరకంది ఉండదు. తమ్ముడు పంపిండు, పెట్టున్రి" అని సుశీలమ్మను పిలిచాడు. ఆమె ట్యూబు చూసింది, నన్ను చూసింది. నేనేం చెప్పను? ఆమె కాస్త వేలికి తీసుకుని ఆయన రొమ్ముకు రాసింది. "చల్లగున్నది" అన్నాడు. ఆ రోజు మందు పనిచేస్తోందని అందరికీ చెప్పాడు.

నీ సరసం ఇలా చెల్లింది.

ఇప్పుడు విను. డాక్టర్ కళావతి తన కాగితానికి జవాబు రాలేదని తానే వచ్చింది. రెండు చేతుల నుంచీ వేరువేరుగా రక్తం తీసుకుపోయింది. రెంటిలోనూ అదే పెరిగింది. నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది: "ఇది సీస మురికి గాదమ్మా. కాండిడా అంటరు. మనందరి నోట్ల, పేగులల్ల జరంత ఉంటది, ఏం చెయ్యది. వరుసపెట్టి పెద్ద మందులిచ్చి తక్కిన క్రిములన్నింటిని చంపితె దానికి జాగ దొరుకుతది. నరంల గొట్టం ఉంటె, దాన్ని పట్టుకొని నెత్తుట్ల వడ్తది. గుండెకు, కండ్లకు, కిడ్నీలకు పోతది. మీ అన్న కండ్లు మసకబడ్డయంటె నాకు భయమైతుంది."

ఆమె అమరనాథ్ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. అరుపులు వినిపించాయి. బయటికి వచ్చి, కాలి గొట్టం తానే దగ్గరుండి తీయించింది. చివర తెల్లటి చీమూ గడ్డకట్టిన నెత్తురూ. అమరనాథ్ ఇప్పుడు "మొదటి నుంచి నాకు అనుమానంగానే ఉంది" అంటున్నాడు.

మందు పేరు అంఫోటెరిసిన్. కాగితం మీద ఆమె చేత రాయించి ఇందులో పెట్టాను. నరంలోకి ఎక్కించాలి, చాలా వారాలు. హైదరాబాదులో తిరగని చోటు లేదు. లేదు.

ఇంకొకటి. నిన్నటి నుంచి ఎస్తేరుకు కూడా చలి జ్వరం. ఆ పిల్ల కాలికీ అలాంటి గొట్టమే, అన్ని రోజుల నుంచీ. ఇశ్రాయేలు అన్న మంచం దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, మా పిల్లకు గూడ గదే వణుకుడు. జర డాక్టర్‌సాబుకు మీరు చెప్పరాదున్రి. మీరు చెప్తె ఇంటడు." అన్న పరదా తీసేయమని చేత్తో సైగ చేశాడు.

ఇది నాటకం కాదు. ఈ కాగితం తీసుకుని నీకు చేతనైతే ఏదైనా చెయ్యి. చేతకాకపోతే జవాబు రాయకు.

రాధాబాయి


బొంబాయి,
22 జూలై 1983.

అక్కా,

నీ ఉత్తరం రాజమణే మొదట చదివింది. చదివి నా చేతికిచ్చి, నాతో మాట్లాడకుండా ఎక్స్‌చేంజీకి వెళ్లిపోయింది. తన పని వేళ అయ్యాక కూడా హెడ్‌ఫోను తీయకుండా ఊళ్లో ఉన్న ఆస్పత్రులకూ, మందుల కంపెనీలకూ వరసగా ఫోన్లు చేసిందట. పరేల్ వైపు ఒక ఏజెంటు దగ్గర కొన్ని సీసాలున్నాయి. వారం తిరిగేలోగా ఇంకొన్ని వస్తాయన్నాడు.

అవి మంచులో ఉంచాలి, వెలుతురు తగలకూడదు. థర్మాస్‌లో పెట్టి రాజమణి ఈ రాత్రి బండిలో బయల్దేరుతోంది. ఈ ఉత్తరం తన చేతికే ఇస్తున్నాను. మిగతావి రాగానే తీసుకుని పంపడానికి నేను ఇక్కడ ఆగాను. ఇది సాకని నువ్వనుకుంటే అనుకో. సగం సాకే. ట్యూబు చేతిలో పట్టుకుని కూర్చున్న అన్న ఎదుట నిలబడే ధైర్యం ఇప్పట్లో లేదు.

ఆమెను ఎవరని చెప్పాలో నువ్వే చూసుకో.

వామన్


లాల్‌దర్వాజా,
4 ఆగస్టు 1983.

వామనా,

మందు చేరింది, మనిషి చేరింది. స్టేషను నుంచి ఇంటికి కూడా రాకుండా నేరుగా నర్సింగ్ హోమ్‌కే వచ్చింది రాజమణి. తెల్లచీర కట్టుకుని, థర్మాస్ పట్టుకుని గదిలోకి వస్తే, అన్న కళ్లు చికిలించి చూసి, "కొత్త నర్సమ్మా? ఎక్కడికెల్లి వచ్చినవ్?" అన్నాడు.

"బొంబాయి నుంచి వచ్చిన సార్" అంది.

"మంచిగైంది. ఇక్కడోల్లకు చాదర్ గూడ సక్కగ పరుచ రాదు" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. తనూ తెరవలేదు. దుప్పటి సరిచేసింది. అప్పటినుంచి "బొంబాయి నర్సు" అని పిలుస్తున్నాడు. నిన్న నాతో రహస్యంగా, "మంచింటి పిల్ల లెక్కుంది, అడుగు, ఎవరోల్లు?" అన్నాడు. తెలుసుకుని చెబుతానన్నాను.

మందు మాట అడగకు. సీసాకు నల్ల కాగితం చుట్టి, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా చుక్కచుక్కగా ఎక్కిస్తారు. ఎక్కుతున్నంతసేపూ వణుకు, వాంతులు. మూడు కంబళ్లు కప్పి, నేనొక పక్క, రాజమణి ఒక పక్క పట్టుకుంటాం. ఆ వణుకులోనే కలెక్టరునూ, ప్రభుత్వాన్నీ, దేవుణ్నీ వరసగా తిడతాడు. తిట్లలో వ్యాకరణం తప్పడం లేదు గనుక మెదడుకేమీ కాలేదని కళావతమ్మ అంది. జ్వరం దిగుతోంది. కళ్లు కాస్త తేటపడ్డాయి. రోజూ రక్తం తీసి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూస్తోంది.

ఎస్తేరు సంగతే బాగాలేదు. కళావతమ్మ ఆ పిల్ల రక్తం కూడా పరీక్ష చేసింది. అదే బూజు. పిల్లకు కొంచెం మందు చాలట. మీ అన్నగారి దాంట్లోంచి ఇస్తారా అని ఆమె నన్ను అడుగుతూ ఉండగానే రాజమణి థర్మాస్ మూత తీసింది. అన్న మంచం మీది నుంచి, "గిదేమన్న అడుగుడా? ఇయ్యున్రి. పిల్ల మాట్లాడక ఎన్ని దినాలాయె" అన్నాడు.

అమరనాథ్ ఇవ్వనివ్వలేదు. కళావతమ్మను పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడాననుకున్నాడు, ఆ గొంతుకు మెల్లగా రాదు. "ఒకరికైతే దురదృష్టం అంటారు. ఒకే గదిలో ఇద్దరికంటే నా నర్సింగ్ హోమ్ గురించి ఊరు ఏమంటుంది, డాక్టర్? పిల్లది మలేరియా" అన్నాడు. మలేరియా మందు మొదలుపెట్టాడు. పిల్లను వేరే గదిలోకి మార్చాడు. మార్చినందుకు కారణం: గాలి వెలుతురు.

మేం ఇశ్రాయేలుకు అంతా చెప్పాం. మందు మేమే ఇస్తాం, పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపో, కళావతమ్మ అక్కడ మాట్లాడి ఉంచింది అన్నాం. ఆయన ఒప్పుకుని గిన్నెలు సర్దుకున్నాడు. అంతలో అమరనాథ్, "కదిలిస్తే దారిలో పోతుంది, నాది బాధ్యత కాదు" అన్నాడు. ఇశ్రాయేలు గిన్నెలు కింద పెట్టేశాడు. "పెద్ద డాక్టరు, అమ్మా. గాయన అట్లంటె నేనెట్ల లేపాలె పిల్లను?" అన్నాడు. ఆయన్ని ఏమనగలను?

రేపు వాళ్ల పాస్టరుగారిని పిలిపించి చెప్పిస్తాం. ఎలాగైనా తీసుకుపోతాం. మిగతా సీసాలు త్వరగా పంపు.

రాధ


బొంబాయి,
8 ఆగస్టు 1983.

అక్కా,

ఈ రోజే మిగతా సీసాలు చేతికి వచ్చాయి. మా ఆఫీసు అంజన్ హైదరాబాదు వస్తున్నాడు, అతనితో పంపుతున్నాను. లెక్క చూసుకుంటే అన్నకూ పిల్లకూ ఇద్దరికీ సరిపోతాయి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అన్న రాజమణిని పట్టుకుని ఎవరింటి పిల్ల అన్నాడా? నువ్వేం చెప్పకు. అలాగే సాగనీ. ఇంకొన్నాళ్లు ఉంటే ఆయనే ఆమెకు సంబంధం చూస్తాడు.

మీ లాల్‌దర్వాజాలో నిన్న బోనాలు గదా. ఊరేగింపు చూడలేదని అన్న గింజుకుని ఉంటాడు. పిల్ల ఈపాటికి మందు మొదలుపెట్టి కోలుకుంటూ ఉంటుంది. తాతతో మళ్లీ పందెం కాయమను. ఈసారి నేను తనవైపు అని చెప్పు.

మనసు తేలికగా ఉంది. చాలా రోజులకు.

వామన్


లాల్‌దర్వాజా,
12 ఆగస్టు 1983.

వామనా,

అంజన్ వచ్చి సీసాలు ఇచ్చి వెళ్లాడు. నీ ఉత్తరం కూడా. ఎస్తేరు ఆదివారం మధ్యాహ్నం పోయింది.

పాస్టరుగారు వచ్చారు, ఇశ్రాయేలు ఒప్పుకున్నాడు, ఆటో కూడా పిలిచాం. వీధులన్నీ బోనాలతో నిండిపోయాయి. డప్పుల చప్పుడు నర్సింగ్ హోమ్ దాకా వినిపిస్తోంది. రాజమణి పిల్లను ఒళ్లోకి తీసుకుని మెట్లు దిగుతూ ఉంటే, మెట్ల మీదే అయిపోయింది. మందు థర్మాస్‌లోనే ఉంది. అమరనాథ్ వచ్చి నాడి చూసి, "కదిలించొద్దన్నాను" అన్నాడు.

రాజమణి వాళ్లతో పాటు సమాధుల దాకా వెళ్లి వచ్చింది.

అన్నకు చెప్పకూడదనుకున్నాం. ఆయనే అడిగాడు. చెప్పాం. కళ్లు తుడుచుకుంటున్న రాజమణి వైపు తిరిగి, "నువ్వు నర్సువు గాదు. నర్సువైతె ఏడ్వవు. ఎవరు నువ్వు?" అన్నాడు.

"రాజమణిని. వామన్ భార్యను."

"మందు నువ్వే తెచ్చినవా?"

"అవును."

"మరి పిల్లకెందుకియ్యలేదు? గంత దూరం నుంచి తెచ్చి, పిల్లకెందుకియ్యలేదు నువ్వు?" అని అరిచాడు. అన్యాయం గదా? ఆమె తప్పేముంది? కానీ ఆ గదిలో అరవడానికి వేరే ఎవరూ లేరు. రాజమణి ఆయన అలసిపోయేదాకా ఉండి, తర్వాత నీళ్లు తాగించింది. తాగాడు.

నువ్వు ఈ ఉత్తరానికి హాస్యంగా జవాబు రాయవని నాకు తెలుసు. రాసినా ఏమీ అనుకోను.

రాధ


లాల్‌దర్వాజా,
25 అక్టోబర్ 1983.

వామనా,

మొన్న జరిగింది రాజమణికి కూడా చదివి వినిపించు.

అన్న సెప్టెంబరులో ఇంటికి వచ్చాడని, ఆ తర్వాతే రాజమణిని బండెక్కించామని రాశాను గదా. చిక్కి సగమైనాడు. మూత్రపిండాలు కొంచెం దెబ్బతిన్నాయి, ఉప్పు తగ్గించమన్నారు. దాని గురించి రోజూ నాతో తగాదా. ఇంతలో అమరనాథ్ నుంచి కబురు. డాక్టర్ల సంఘం సమావేశం, ఆయనకు సన్మానం. మన ఊళ్లో ప్రాణం నిలిపిన మొదటి రక్త ఫంగస్ కేసు తనదేనట. రోగి కూడా వచ్చి వేదిక మీద కూర్చుంటే శోభగా ఉంటుందట. అన్న వెంటనే ఒప్పుకున్నాడు. షేర్వాణీ ఇస్త్రీ చేయించాడు. నాకు ఒళ్లు మండింది. వేదికంటే చాలు ఈ మనిషికి అనుకున్నాను.

హాలు నిండా డాక్టర్లు. అమరనాథ్ గంటసేపు మాట్లాడాడు. మొదటి రోజే తనకు అనుమానం వచ్చిందట. తానే పట్టుబట్టి పరీక్ష చేయించాడట. మందు కోసం బొంబాయి దాకా మనిషిని పంపాడట. ఆ మనిషి మన రాజమణి! డాక్టర్ కళావతి వెనక వరసలో కూర్చుని ఉంది. చప్పట్లు, దండ. "ఇప్పుడు మన రోగి రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు.

అన్న లేచాడు. మైకు పట్టుకున్నాడు. నేను తల దించుకున్నాను.

"నేను విఠల్‌రావును. నా రక్తంల బూజు వట్టింది. పట్టిందని డాక్టర్ కళావతమ్మ కాయితం పంపితె ఈ సార్ చెత్తబుట్టల ఏసిండు. మా చెల్లె చూసింది. నాకు మందు నా మరదలు తెచ్చింది. ఈ సార్ పంపలే" అన్నాడు. "నా పక్క మంచం మీద ఎస్తేరని పిల్ల ఉండె. దాని రక్తంల గూడ గదే. మందు అదే గదిల ఉండె. ఇయ్యొద్దన్నడు. ఇద్దరంటె దవాఖాన పేరు ఖరాబైతదట. సార్ గంట మాట్లాడిండు, పిల్ల పేరు చెప్పలే. మర్చిపోయినట్లున్నడు. నేను చెప్తున్న. ఇశ్రాయేలు బిడ్డ ఎస్తేరు. అయిదేండ్లు."

అమరనాథ్ నవ్వుతూ మైకు తీసుకున్నాడు. "చూశారా, ఈ మందు చాలా ఘాటైనది. రోగి మెదడు మీద కొన్నాళ్లు ప్రభావం ఉంటుంది" అన్నాడు. కొందరు నవ్వారు. నిజంగా నవ్వారు, వామనా, చదువుకున్నవాళ్లు.

అప్పుడు వెనక వరస నుంచి కళావతి లేచింది. "ఆ మందు దెబ్బకొట్టేది కిడ్నీలను, సార్. జ్ఞాపకాన్ని కాదు. ఆ రెండు రిపోర్టులూ నేను రాసినవే. ఆయన చెప్పింది నిజం" అంది. నవ్విన వాళ్లు చేతుల్లోని కాగితాలు చూసుకున్నారు. అధ్యక్షుడు గడియారం చూసి, టీ సిద్ధంగా ఉందన్నాడు. జనం టీకి లేచారు. అమరనాథ్ కూడా దండతోనే వెళ్లి టీ తాగాడు. ఆయన నర్సింగ్ హోమ్ ముందు ఈ రోజు కూడా జనం ఉన్నారు, నేను చూశాను. కాకపోతే ఏడెనిమిది మంది కుర్ర డాక్టర్లు టీకి పోకుండా కళావతి చుట్టూ చేరారు. గొట్టం ఎన్నాళ్లకు మార్చాలి, రక్తం ఎప్పుడు పంపాలి అని అడుగుతూ నిలబడ్డారు. హాలు తాళం వేస్తామని వాచ్‌మన్ వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది.

మరునాడు అన్న రిక్షా పిలిపించుకుని ఇశ్రాయేలు ఇంటికి బయల్దేరాడు. నేనూ వెళ్లాను. ఒక్క గది ఇల్లు. ఇశ్రాయేలు కుర్చీ తుడిచి వేశాడు. అన్న కూర్చుని, సభలో జరిగింది చెప్పాడు. ఇశ్రాయేలు అంతా విని, "గాయన ఏమన్నడు సార్?" అన్నాడు.

"ఏమంటడు? చాయ్ తాగవోయిండు."

ఇశ్రాయేలు తల ఊపాడు. అతనికి అది కొత్తగా అనిపించలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న అతని భార్య అప్పటిదాకా మా వైపు చూడలేదు. అప్పుడు తిరిగి అడిగింది.

"మా పిల్ల పేరు చెప్పినరా, గంతమంది ముందల?"

"చెప్పిన."

"గట్టిగ చెప్పినరా?"

"మైకుల చెప్పినమ్మా."

"మాకెవ్వలకు ఇనవడలే గద. మల్లొక్కసారి చెప్పున్రి" అంది.

అన్న కుర్చీ పట్టుకుని లేచాడు. పట్టుకోబోతే నా చేయి తోసేశాడు. షేర్వాణీ గుండీ సరిచేసుకుని, ఆ చిన్న గదిలో సభ ముందు నిలబడ్డట్టు నిలబడి, మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట పోనీకుండా మళ్లీ చెప్పాడు. పిల్ల పేరు దగ్గరికి వచ్చేసరికి వాకిట్లో గల్లీ జనం గుమిగూడారు. వెనకున్నవాళ్లు వినిపించలేదన్నారు. ఇంకా గట్టిగా చెప్పాడు.

మీ ఇద్దరినీ రమ్మని అన్న రాయమనలేదు. ఎప్పుడొస్తున్నారని మాత్రం రాయమన్నాడు. ఆయన భాషలో రెంటికీ తేడా లేదు.

అక్క
రాధ